యూడబ్ల్యూబీ రాడార్‌తో మనిషిని పసిగట్టడం: బిగింపు నుంచి అలారం దాకా

యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్, చాలా వెడల్పైన ఫ్రీక్వెన్సీ పట్టీ వాడే) రాడార్ మాడ్యూల్ కొన్నవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు. గదిలో ఎవరూ లేకపోయినా అలారం ఎందుకు మోగుతోంది? మనిషి కుర్చీలో కూర్చోగానే స్క్రీన్ మీద నుంచి ఎందుకు మాయమవుతున్నాడు?

రెండింటికీ చాలామంది చేసే పని ఒకటే, థ్రెషోల్డ్ (తిరిగొచ్చే సిగ్నల్ ఎంత బలంగా ఉంటే మనిషి అనుకోవాలో చెప్పే హద్దు) మార్చడం. పెంచితే అలారాలు తగ్గుతాయి, కానీ కూర్చున్న మనిషి ఇంకా త్వరగా మాయమవుతాడు. తగ్గిస్తే మనిషి నిలుస్తాడు, కానీ గోడలు కూడా నడవడం మొదలుపెడతాయి. ఈ పనిలో థ్రెషోల్డ్ ఏడో మెట్టు. కింది ఆరూ గట్టిగా లేకుండా దాన్ని ముట్టుకుని లాభం లేదు.

ఇక్కడ చెప్పేది పల్స్ పంపే చిన్న మాడ్యూళ్ల గురించి, అదీ భవనాల లోపల, పది మీటర్ల లోపు దూరానికి. లెక్కలన్నీ ఒకే నమూనా మాడ్యూల్ మీద చేశాను: కేంద్ర ఫ్రీక్వెన్సీ 7.29 గిగాహెర్ట్జ్, బ్యాండ్‌విడ్త్ 1.4 గిగాహెర్ట్జ్, ఒక్కో రేంజ్ బిన్ (దూరాన్ని విడగొట్టిన ఒక గడి) 5.14 సెంటీమీటర్లు, మొత్తం 180 బిన్‌లు, సెకనుకు 20 ఫ్రేములు (ఒక ఫ్రేమ్ అంటే అన్ని బిన్‌లనూ ఒకసారి చూడటం). మీ మాడ్యూల్ అంకెలు వేరైతే అవే లెక్కలు మీ అంకెలతో చేసుకోండి.

## 1. ఏం పట్టుకోవాలో ముందు కాగితం మీద పెట్టండి

నడిచే మనిషి, కదలకుండా కూర్చున్న మనిషి, గోడ అవతలి మనిషి. రాడార్‌కి ఇవి మూడు వేర్వేరు పనులు. ఫ్రేమ్ రేటు, ఫిల్టర్, ఎంతసేపు చూశాక తేల్చాలన్నది, అన్నీ మారిపోతాయి.

☐ ఎంత దూరం వరకు కావాలి?
☐ కదలిక చాలా, శ్వాస కూడా పట్టాలా?
☐ ఎంతసేపట్లో చెప్పాలి? నడకకు అర సెకను చాలు, శ్వాసకు 20 నుంచి 30 సెకన్లు కావాలి.
☐ తప్పుడు అలారం వస్తే నష్టమా, మనిషిని వదిలేస్తే నష్టమా?
☐ ఆ చోటు మీదేనా? అక్కడ ఉండేవాళ్లకు రాడార్ సంగతి తెలుసా?

చివరి ప్రశ్న మొక్కుబడిది కాదు. గోడ అవతల చూసే యూడబ్ల్యూబీ పరికరాలను అమెరికాలో పోలీసు, అగ్నిమాపక, ప్రమాదాల్లో కాపాడే రెస్క్యూ బృందాలే వాడాలని నిబంధన ఉంది. మీ దేశంలో రూల్ ఏమిటో కొనకముందే చూసుకోండి.

## 2. బ్యాండ్, బ్యాండ్‌విడ్త్ ఎంచుకోవడం

దగ్గరదగ్గరగా ఉన్న రెండు వస్తువులను విడదీసి చూపే శక్తి బ్యాండ్‌విడ్త్‌తోనే వస్తుంది. కాంతి వేగాన్ని రెట్టింపు బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే రేంజ్ రిజల్యూషన్. 500 మెగాహెర్ట్జ్‌కి 30 సెంటీమీటర్లు, 1.4 గిగాహెర్ట్జ్‌కి దాదాపు 10.7 సెంటీమీటర్లు. బిన్ 5 సెంటీమీటర్లే కదా అని రిజల్యూషన్ కూడా అంతే అనుకోకండి. బిన్ అంటే శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య దూరం మాత్రమే.

గోడలోంచి చూడాలంటే తక్కువ ఫ్రీక్వెన్సీ మేలు, 1 నుంచి 4 గిగాహెర్ట్జ్ లోపు. ఒకే గదిలో శ్వాస, సూక్ష్మ కదలికలకైతే 6 నుంచి 8.5 గిగాహెర్ట్జ్ బాగుంటుంది. తరంగ దైర్ఘ్యం చిన్నది కాబట్టి ఛాతీ కొద్దిగా కదిలినా ఫేజ్ (తరంగం తన చక్రంలో ఎక్కడుందో చెప్పే కోణం) బాగా మారుతుంది.

పవర్ పెంచుకుందామంటే కుదరదు. అమెరికాలో ఎఫ్‌సీసీ (అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) 2002లో పెట్టిన హద్దు 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ మధ్య మెగాహెర్ట్జ్‌కు మైనస్ 41.3 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే పవర్ కొలత). 1.4 గిగాహెర్ట్జ్ మొత్తం నింపినా సగటున మిల్లీవాట్‌లో పదో వంతు. ఎకో (వస్తువుకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్) బలం దూరం నాలుగో ఘాతంతో పడిపోతుంది కూడా, అంటే 3 మీటర్ల దగ్గర వచ్చినదానిలో 6 మీటర్ల దగ్గర పదహారో వంతే వస్తుంది. కిలోమీటరు అవతలి డ్రోన్ కోసం వెతికేవాళ్లు ఈ మాడ్యూళ్ల మీద డబ్బు పెట్టకపోవడం మంచిది.

## 3. బిగించడం

ఇక్కడ నిర్లక్ష్యం చేస్తే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు. ఎందుకో లెక్క చూడండి.

రాడార్ 0.15 మిల్లీమీటర్లు ఊగిందనుకుందాం, వెంట్రుక మందం కంటే కాస్త ఎక్కువ. 7.29 గిగాహెర్ట్జ్ దగ్గర దానివల్ల ఎదురు గోడ ఎకో ఫేజ్ 2.6 డిగ్రీలు మారుతుంది. ఆ గోడను బ్యాక్‌గ్రౌండ్‌గా (కదలని వస్తువుల ఎకోగా) తీసేసినా, అసలు బలానికి 27 డెసిబెళ్ల కింద మిగులు ఉండిపోతుంది. గోడ ఎకో మనిషి ఛాతీ ఎకో కంటే 40 డెసిబెళ్లు ఎక్కువుంటే, మిగిలిన ఆ చెత్తే ఛాతీ కంటే 13 డెసిబెళ్లు బలంగా కనిపిస్తుంది. మనిషి అందులో మునిగిపోతాడు.

టేప్‌తో అతికించడం, ట్రైపాడ్ మీద పెట్టడం ప్రయోగాల వరకే. నిజమైన వాడకానికి గోడకు స్క్రూలతో బిగించండి.

☐ ఎత్తు: కూర్చున్నా నిలబడ్డా ఛాతీ బీమ్‌లో పడాలి. 1.2 నుంచి 1.5 మీటర్లు చాలా చోట్ల సరిపోతుంది.
☐ యాంటెన్నా ముందు 30 సెంటీమీటర్ల లోపు ఏ వస్తువూ ఉండకూడదు.
☐ లోహపు అల్మారా, అద్దం, పెద్ద స్క్రీన్ నేరుగా ఎదురుగా ఉంటే రాడార్‌ని 10 నుంచి 20 డిగ్రీలు పక్కకు తిప్పండి.
☐ కేబుల్ వేలాడకూడదు, క్లిప్ వేయండి. ఊగే కేబుల్ కూడా టార్గెట్టే.
☐ తలుపు దడాలున పడితే అదిరే పలచటి పార్టిషన్ మీద బిగించకండి.
☐ పైన ప్లాస్టిక్ డబ్బా ఉంటే, అసలు వాడకంలో ఉండే డబ్బా పెట్టే మిగతా మెట్లన్నీ చేయండి.

## 4. సున్నా ఎక్కడుందో పట్టుకోవడం

ట్రాన్స్‌మిట్ యాంటెన్నా నుంచి రిసీవ్ యాంటెన్నాకు నేరుగా కారే సిగ్నల్ ప్రతి ఫ్రేమ్‌లో మొదటి పెద్ద శిఖరంగా వస్తుంది. దీన్ని చూసి చిరాకు పడతారు గానీ, కాలాన్ని కొలవడానికి మనకున్న స్థిరమైన గుర్తు అదొక్కటే. దాన్ని తీసేసే ముందు వాడుకోండి.

1. మాడ్యూల్‌ని 15, 20 నిమిషాలు ఆన్‌లో ఉంచి వేడెక్కనివ్వండి.
2. లంబకోణ త్రిభుజాకారపు మూడు లోహపు పలకలను ఒకదానికొకటి లంబంగా అతికించి కార్నర్ రిఫ్లెక్టర్ చేసుకోండి. అతికించిన అంచు 15 సెంటీమీటర్లు ఉంటే ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర దాని రాడార్ అడ్డుకోత (రాడార్‌కి ఎంత పెద్దగా కనిపిస్తుందో చెప్పే కొలత) సుమారు 1.25 చదరపు మీటర్లు, మనిషి కంటే కాస్త గట్టిగా కనిపిస్తుంది.
3. దాన్ని 2, 4, 6 మీటర్ల దగ్గర పెట్టి టేపుతో కొలిచి, శిఖరం ఏ బిన్‌లో పడిందో రాసుకోండి.
4. టేపు దూరానికీ బిన్ చూపే దూరానికీ తేడా మూడు కొలతల్లోనూ ఒకేలా ఉంటే అది ఆఫ్‌సెట్, తీసేయండి. తేడా దూరంతో పాటు పెరుగుతుంటే శాంపిలింగ్ రేటు సెట్టింగ్ తప్పు.
5. ప్రతి ఫ్రేమ్‌ని ఆ మొదటి శిఖరంతో సరిపోల్చి జరపండి. కాలంలో ఒక్క పికోసెకను తేడా కూడా పైన చెప్పిన 0.15 మిల్లీమీటర్లతో సమానం.

## 5. ఖాళీ గది రికార్డింగ్

అందరూ దాటేసే మెట్టు ఇదే. నన్నడిగితే మొత్తం పనిలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వాలి.

గదిలోంచి అందరూ బయటికి వచ్చి, తలుపు వేసి, కనీసం గంటసేపు రా డేటా రికార్డ్ చేయండి. ఫిల్టర్లేవీ వద్దు. ఒక ఫైల్ అంతా ఆపేసి తీసింది. రెండోది ఫ్యాన్, ఏసీ, లైట్లు అన్నీ ఆన్ చేసి తీసింది. మూడోది రాత్రంతా తీసింది. ఉష్ణోగ్రత మారుతున్నప్పుడు మాడ్యూల్ ఎలా జరుగుతుందో ఇందులోనే తెలుస్తుంది.

తర్వాత ఒక్కో బిన్‌కి కాలం మీద వేరియన్స్ (విలువ ఎంత ఊగుతోందో చెప్పే కొలత) లెక్కవేసి, దూరానికి ఎదురుగా గీయండి. చదునుగా ఉండాల్సిన ఆ గీతలో ఎక్కడ గుట్ట లేస్తే అక్కడ ఏదో కదులుతోంది. బిన్ అంకెను మీటర్లలోకి మార్చి, టేపు పట్టుకుని ఆ దూరానికి నడవండి. కర్టెన్, ఫ్యాన్, వేలాడే వైరు, ఏసీ రెక్క, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. ట్యూబ్‌లైట్ కూడా దొరకొచ్చు. వెలిగే ట్యూబ్‌లోని ప్లాస్మా కరెంటు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు వేగంతో మారుతూ రాడార్ ఎకోను కదిలిస్తుంది.

తీసేయగలిగినవి తీసేయండి. తీయలేనివాటి బిన్‌లు రాసిపెట్టుకోండి. ఈ ఫైళ్లను చెరిపేయకండి, ఇకముందు చేసే ప్రతి మార్పునూ ముందు వీటి మీదే పరీక్షించాలి.

## 6. బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం

ఒక్కసారి తీసిన ఖాళీ గది ఫ్రేమ్‌ని రోజంతా తీసేస్తూ కూర్చుంటే కుదరదు. కుర్చీ జరుగుతుంది, ఉష్ణోగ్రత మారుతుంది. అందుకే మెల్లగా మారే బ్యాక్‌గ్రౌండ్ వాడతాం. పాతదానికి ఆల్ఫా వంతు, కొత్త ఫ్రేమ్‌కి మిగతా వంతు కలుపుకుంటూ పోవాలి.

కూర్చున్న మనిషి మాయమయ్యేది ఈ ఆల్ఫా వల్లే. సెకనుకు 20 ఫ్రేముల దగ్గర ఈ ఫిల్టర్ ఎంత నెమ్మది కదలిక వరకు మింగేస్తుందో చూడండి.

- ఆల్ఫా 0.90 అయితే: 0.32 హెర్ట్జ్ వరకు, అంటే నిమిషానికి 19 సార్లు.
- ఆల్ఫా 0.97 అయితే: 0.095 హెర్ట్జ్ వరకు, నిమిషానికి దాదాపు 6 సార్లు.
- ఆల్ఫా 0.99 అయితే: 0.032 హెర్ట్జ్ వరకు, నిమిషానికి 2 సార్లు.

విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాస తీసుకుంటారు. 0.90 పెడితే ఆ శ్వాసలో పెద్ద భాగాన్ని బ్యాక్‌గ్రౌండ్‌గా లెక్కగట్టేసి తీసేస్తుంది. ఫ్రేమ్ రేటు మారిస్తే ఈ అంకెలూ మారతాయి. సెకనుకు 5 ఫ్రేములకు దించి అదే ఆల్ఫా ఉంచితే హద్దు నాలుగో వంతుకు పడిపోతుంది.

మరి 0.99 పెట్టేస్తే సరిపోతుందా? అప్పుడింకో తంటా. చాలాసేపు కూర్చున్న మనిషి లేచి వెళ్లాక, అతని ఆకారం బ్యాక్‌గ్రౌండ్‌లో ఉండిపోయి, ఖాళీ కుర్చీలో 10, 15 సెకన్లు దయ్యంలా టార్గెట్ కనిపిస్తుంది.

అందుకే రెండు బ్యాక్‌గ్రౌండ్‌లు నడపండి. నడకకు 0.90, శ్వాసకు 0.99. రెండూ వేర్వేరు దారుల్లో వెళ్లి చివర్లో కలవాలి. టార్గెట్ ఉన్న బిన్‌లలో బ్యాక్‌గ్రౌండ్‌ని స్తంభింపజేయమని కొందరు చెబుతారు. నాకైతే అది నచ్చదు. ఎవరైనా కుర్చీ జరిపారంటే ఆ కుర్చీ శాశ్వతంగా మనిషైపోతుంది.

## 7. ఇప్పుడు థ్రెషోల్డ్

దూరంతో పాటు నాయిస్ (సిగ్నల్‌లో ఉండే గోల), క్లట్టర్ (మనకక్కర్లేని వస్తువుల ఎకోలు) మారుతుంటాయి కాబట్టి ఒకే స్థిరమైన అంకె పనికిరాదు. చుట్టుపక్కల బిన్‌ల సగటు చూసి థ్రెషోల్డ్‌ని తానే పెట్టుకునే సీఫార్ పద్ధతి వాడండి.

1. పరీక్షించే బిన్‌కి అటూ ఇటూ 5 గార్డ్ బిన్‌లు (సగటులో కలపనివి) వదలండి. మనిషి మొండెం మందం, పల్స్ వెడల్పు కలిపితే 8 బిన్‌ల దాకా పాకుతుంది. గార్డ్ ఒకటో రెండో పెడితే మనిషే తన థ్రెషోల్డ్‌ని పెంచుకుని తానే దాక్కుంటాడు.
2. వాటి అవతల చెరో 8, మొత్తం 16 ట్రైనింగ్ బిన్‌ల పవర్ సగటు తీయండి.
3. తప్పుడు అలారం సంభావ్యత పదివేలలో ఒకటి కావాలంటే, 16 బిన్‌లకు ఆ సగటుని దాదాపు 12.4తో గుణించాలి, అంటే 11 డెసిబెళ్లు.

పదివేలలో ఒకటి అంటే చాలా తక్కువ అనిపిస్తుంది. 180 బిన్‌లు, సెకనుకు 20 ఫ్రేములు గుణించి చూడండి. సెకనుకు 0.36, మూడు సెకన్లకో తప్పుడు చుక్క. అందుకే ఒక్క చుక్కను చూసి అలారం మోగించకూడదు. వరుసగా 5 ఫ్రేముల్లో కనీసం 3 సార్లు, రెండు బిన్‌ల తేడాలోపు కనబడితేనే టార్గెట్‌గా ఒప్పుకోవాలి. నడిచే మనిషి సెకనుకు 1.4 మీటర్లు, అంటే ఫ్రేమ్‌కి 7 సెంటీమీటర్లు జరుగుతాడు కాబట్టి పక్క ఫ్రేమ్‌తో పోల్చినప్పుడు ఈ తేడా సరిపోతుంది.

ఈ నియమం పెట్టాక ఉత్త నాయిస్‌తో రోజుకు ఒక అలారం కూడా రాకూడదు. అయినా పదేపదే మోగుతోందంటే అది నాయిస్ కాదు, అక్కడ నిజంగానే ఏదో కదులుతోంది. థ్రెషోల్డ్ వదిలేసి ఐదో మెట్టుకు వెళ్లండి.

ఇద్దరు మనుషులు దగ్గరగా ఉన్నప్పుడు ఒకరి బలం ఇంకొకరి సగటులోకి వెళ్లి కప్పేస్తుంది. అలాంటి చోట సగటు బదులు, ట్రైనింగ్ బిన్‌లను చిన్న నుంచి పెద్దకు పేర్చి ముప్పావు వంతు దగ్గరి విలువ తీసుకోండి. గుణకం మారుతుంది, ఖాళీ గది ఫైల్ మీద నడిపి సరిచూసుకోండి.

## 8. కదలని మనిషి: శ్వాస పట్టడం

ఛాతీ కొన్ని మిల్లీమీటర్లే కదులుతుంది. 5 మిల్లీమీటర్ల కదలికకు ఈ ఫ్రీక్వెన్సీలో ఫేజ్ దాదాపు 88 డిగ్రీలు మారుతుంది, అంటే చాలినంత. ఎకో బలాన్ని మాత్రమే చూస్తే కొన్ని దూరాల దగ్గర మార్పే కనిపించదు, ఇంకొన్ని చోట్ల శ్వాస రెట్టింపు వేగంతో ఉన్నట్టు కనిపిస్తుంది. ఐ, క్యూ (సిగ్నల్‌లో 90 డిగ్రీల తేడాతో ఉండే రెండు భాగాలు) రెండూ తీసుకుని ఫేజ్‌తోనే పనిచేయండి.

1. 30 సెకన్ల డేటా తీసుకోండి. 0.033 హెర్ట్జ్ వరకు విడదీయగలుగుతారు, నిమిషానికి 2 శ్వాసల తేడా.
2. వేరియన్స్ ఎక్కువున్న బిన్ ఎంచుకోండి.
3. ఐ–క్యూ చుక్కలు గీస్తే చాపంలా వస్తాయి. దానికి వృత్తం సరిపోల్చి, కేంద్రాన్ని తీసేశాకే ఫేజ్ లెక్కించండి. లేకపోతే కదలని వస్తువుల ఎకో ఫేజ్‌ని వంకర చేస్తుంది.
4. ఫేజ్ దూకుళ్లు (360 డిగ్రీలు దాటి మళ్లీ సున్నాకు పడటం) సరిచేసి ఎఫ్‌ఎఫ్‌టీ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో విడదీసే లెక్క) చేయండి.
5. 0.15 నుంచి 0.6 హెర్ట్జ్ మధ్య శిఖరం పక్కవాటి కంటే స్పష్టంగా ఎత్తుగా ఉంటేనే మనిషి అనండి.

ఫ్యాన్ ఇక్కడే మోసం చేస్తుంది. మూడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 405 చుట్లు తిరిగితే, రాడార్ ముందు సెకనుకు 20.25 రెక్కలు దాటుతాయి. సెకనుకు 20 ఫ్రేములతో చూస్తే ఆ రెండింటి తేడాయే కనిపిస్తుంది, అంటే అది 0.25 హెర్ట్జ్‌గా, నిమిషానికి 15 శ్వాసలుగా కనబడుతుంది. ఖాళీ గదిలో హాయిగా నిద్రపోతున్న మనిషి!

అనుమానం వస్తే ఫ్రేమ్ రేటుని 23కి మార్చండి. నిజమైన శ్వాస 0.25 దగ్గరే ఉంటుంది, ఫ్యాన్ 2.75కి ఎగిరిపోతుంది. రెండు ఫ్రేమ్ రేట్లను మార్చిమార్చి నడిపితే ఈ సమస్య దాదాపు పోతుంది.

## 9. గోడ అడ్డమైతే

గోడలో తరంగం నెమ్మదిస్తుంది కాబట్టి అవతలి మనిషి ఉన్నచోటు కంటే దూరంగా కనిపిస్తాడు. 20 సెంటీమీటర్ల కాంక్రీటు గోడకు, పర్మిటివిటీ (తరంగం ఎంత నెమ్మదిస్తుందో నిర్ణయించే పదార్థపు గుణం) 6 అనుకుంటే, 29 సెంటీమీటర్లు అదనం. అదే మందం పొడి ఇటుక గోడకు, పర్మిటివిటీ 4 అనుకుంటే, 20 సెంటీమీటర్లు.

గోడ ఒక వైపు 10 డెసిబెళ్లు తినేస్తే, వెళ్లి రావడానికి 20. నాలుగో ఘాతం లెక్కలో రేంజ్ మూడో వంతుకు పడిపోతుంది. 9 మీటర్ల మాడ్యూల్ 3 మీటర్లు కూడా చూడదు. గోడ తడిగా ఉంటే ఇంకా తక్కువ. లోహపు రేకు, ఫాయిల్ ఉన్న గోడలోంచి అసలు చూడలేరు.

## 10. ట్రాక్

మనిషి కదలికను వెంబడించడంలో పెద్దగా కష్టం లేదు. దూరం, వేగం రెండే స్థితులతో చిన్న కాల్మన్ ఫిల్టర్ (కొలతల ఊగిసలాటను సర్ది తర్వాతి చోటును అంచనా వేసే లెక్క) చాలు. ఒక్క సెన్సర్ దూరమే చెబుతుంది, దిశ చెప్పదు. గదిలో ఎక్కడున్నాడో కావాలంటే కనీసం రెండు సెన్సర్లు వేర్వేరు చోట్ల ఉండాలి, ఒకదాని పల్స్ ఇంకోదానికి తగలకుండా వంతులవారీగా నడపాలి.

గోడకు తగిలి తిరిగొచ్చే ఎకోల వల్ల పుట్టే దొంగ టార్గెట్ ఎప్పుడూ అసలు మనిషి వెనకే, అతనితో పాటే కదులుతూ ఉంటుంది. ఒకేసారి పుట్టి ఒకేసారి పోయే రెండు ట్రాకుల్లో దూరంగా ఉన్నదాన్ని అనుమానించండి.

## 11. రోగం, మందు

తలుపు వేసినప్పుడల్లా అన్ని దూరాల్లోనూ టార్గెట్లు. మాడ్యూల్ అదురుతోంది. మూడో మెట్టు.

మొదటి అర మీటరులో ఎప్పుడూ టార్గెట్. నేరుగా కారే సిగ్నల్. ఆ బిన్‌లను వదిలేయండి.

ఆన్ చేసిన కాసేపు అలారాలు, తర్వాత మామూలే. వేడెక్కడం పూర్తి కాలేదు. మొదటి 20 నిమిషాలు అలారం ఆపండి.

ఒక మనిషి వెనక ఇంకొకరు కనబడట్లేదు. ముందున్నవాళ్ల నీడ. సాఫ్ట్‌వేర్‌తో పోదు, ఇంకో మూలలో రెండో సెన్సర్ పెట్టాలి.

పడుకున్న మనిషి శ్వాస రావట్లేదు. పాదాలు రాడార్ వైపు ఉండుంటాయి. పక్క నుంచి లేదా పైనుంచి చూసేలా మార్చండి.

అప్పుడప్పుడు ఫ్రేమ్ అంతా గడ్డిలా లేస్తోంది. పక్కన 6 గిగాహెర్ట్జ్ వైఫై ఉందేమో చూడండి. 7.125 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లే చానళ్లు ఈ మాడ్యూల్ బ్యాండ్‌లోకి వస్తాయి. రూటర్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి పరీక్షించండి.

## 12. వాడకంలోకి పెట్టే ముందు

☐ ఖాళీ గది, అన్నీ ఆన్‌లో, రాత్రంతా: అలారాలు ఎన్ని?
☐ ఒక మనిషి రాడార్ వైపు, తర్వాత దానికి అడ్డంగా నడిచాడు. అడ్డంగా నడిచినప్పుడు దూరం పెద్దగా మారదు, ట్రాక్ తెగుతుందేమో చూడాలి.
☐ 2, 4, 6 మీటర్ల దగ్గర ఐదేసి నిమిషాలు కదలకుండా కూర్చున్నారు: ముఖం ఎదురుగా, పక్కకు, వీపు తిప్పి.
☐ అరగంట కూర్చుని లేచి వెళ్లాక ఎన్ని సెకన్లకు గది ఖాళీ అని చెప్పింది?
☐ కుర్చీ జరిపి అందరూ బయటికి వచ్చారు: ఆ కుర్చీ టార్గెట్‌గా ఎంతసేపు ఉంది?
☐ ఫ్యాన్ అన్ని వేగాల్లోనూ పరీక్షించారు.
☐ కరెంటు పోయి వచ్చినప్పుడు గదిలో మనిషి ఉంటే? బ్యాక్‌గ్రౌండ్ అతనితో కలిపే మొదలవుతుంది. శ్వాస దారి అతన్ని పట్టుకునే దాకా 'ఖాళీ' అని కాకుండా 'ఇంకా తెలియదు' అని చూపించేలా పెట్టండి.